ఐదు నిమిషాల హాల్టు

కండక్టరమ్మకి నీళ్లు తాగడం చేతకాదని చుట్టాలందరూ అంటారు. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరే ముందు అరగ్లాసు, బండి తిరిగి డిపోకి చేరాక ఇంకో అరగ్లాసు. మధ్యలో మరీ ఎండ దంచేస్తుంటే నాలుక తడుపుకునేదే తప్ప గుటక వేసేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగం నేర్పిన విద్య అది.

డ్రైవర్లకి ఆ బాధ లేదు. మధ్యలో బండి ఓరగా ఆపి, "టైర్లు చూసొస్తా" అని దిగి, తేలికపడ్డ మొహంతో తిరిగొచ్చేవాళ్లు. కండక్టరమ్మ ఏ టైర్లు చూడ్డానికి వెళ్తుంది? స్టాండుల్లో మరుగుదొడ్లు లేకపోలేదు. ఉన్నవాటికి తలుపుంటే గడియ ఉండదు, గడియ ఉంటే నీళ్లుండవు. అందుకని ఆవిడ అసలు అవసరమే రాకుండా చూసుకుంది. కొత్తగా చేరిన ఆడపిల్లలకి టికెట్ మిషను ఎలా పట్టుకోవాలో చెప్పేకన్నా ముందు ఈ సంగతే చెప్పేది. "డ్యూటీలో ఉన్నంతసేపూ నీళ్లు మన శత్రువమ్మా!" ఒంటెకి అక్క అని డిపోలో పేరుపడితే, చిన్నబుచ్చుకోకపోగా లోలోపల మురిసిపోయింది. రెండుసార్లు మూత్రంలో మంటొచ్చి ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ నానా చీవాట్లూ పెట్టింది. ఆవిడెప్పుడైనా బస్సులో పనిచేసిందా, ఆవిడకేం తెలుసని ఆ మాటలు దులిపేసుకుని వచ్చేసింది.

రిటైరయ్యాక ఆవిడకి ఒకటే కోరిక. ఎవరికీ టికెట్ కొట్టకుండా, కిటికీ పక్క సీట్లో కూర్చుని, తెలియని దారిలో పోవాలి. విదేశానికి వారం రోజుల టూరని పేపర్లో ప్రకటన కనబడగానే పేరిచ్చేసింది. భర్తకి మోకాళ్ల నొప్పులు. "నువ్వెళ్లి చూసిరా, నేను టీవీలో చూస్తా" అన్నాడు. తోడుగా అన్నగారి భార్యని, అంటే వదినని, బయల్దేరదీసింది. "ఇద్దరూ వెళ్లండి. వారం రోజులు మా చెవులకి సెలవు" అన్నాడు అన్నయ్య.

వదిన ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నెమ్మది మనిషి, పదిమందిలో గొంతు పెగలదు. పదేళ్లుగా షుగరు. డాక్టరు చెప్పాడని గంటకోసారి నీళ్లు తాగుతుంది, తాగిన గంటకి లేవాల్సొస్తుంది. ఇంట్లో అయితే ఎవరూ పట్టించుకోరు. ముక్కూమొహం తెలియని ఊళ్లో అదే పెద్ద యజ్ఞమైపోయింది.

మొదటి రోజు పెద్ద కూడలిలో బస్సు దింపి, రెండు గంటల్లో రమ్మని వదిలేసింది గైడమ్మాయి. మన భాష మాట్లాడే పిల్లే, టూరు కంపెనీ మనిషి. పది నిమిషాలు నడిచారో లేదో వదిన కొంగు నలుపుకుంటూ నిలబడిపోయింది.

"అమ్మాయ్, ఒంటికి వెళ్లాలి."

"హోటల్లో వెళ్లొచ్చావు కదా వదినా!"

"అది హోటల్లోది."

వెతుకులాట మొదలైంది. ఒక కాఫీకొట్టతను చెయ్యడ్డం పెట్టి గోడమీది కాగితం చూపించాడు. కొనుక్కున్నవాళ్లకే అని భావం. ఇంకోచోట రెండు తలుపులున్నాయి కానీ, ఆడామగా బొమ్మలు లేవు, ఏవో వేరువేరు గుర్తులున్నాయి. ఏది ఆడవాళ్లదో తేల్చుకోలేక, ఎవరైనా ఆడమనిషి బయటికొస్తుందేమోనని కాసేపు కాపలా కాశారు. ఎవరూ రాలేదు. చివరికి ఒక పార్కు పక్కన ఇనుప గది కనబడింది, దానికో పచ్చ దీపం. మీట నొక్కితే తలుపు తనంతట తనే పక్కకి జరిగింది. వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది లిఫ్టేమో అమ్మాయ్. పైకి తీసుకుపోతే?"

"తీసుకుపోతే అక్కణ్ణించే ఊరంతా చూసెయ్. వెళ్లు!"

తలుపు మూసుకుంది. లోపల ఎవరో ఆడగొంతు ఏదో చెప్పడం వినబడింది. "లోపల ఎవరో ఉన్నారే!" అని వదిన కేక. "అది మిషను వదినా, మాట్లాడనీ!" అని ఈవిడ బయటినుంచి అరుపు. దారిన పోయేవాళ్లు ఆగి చూసిపోయారు. వదిన బయటికొచ్చాక తలుపు మళ్లీ మూసుకుని, లోపల నీళ్లు భోరున పారాయి. గది తనని తను కడుక్కుంటోంది.

"చూశావా, మనుషులకి కాగితమట, గదికేమో స్నానమట" అంది వదిన ఆశ్చర్యంగా. ఆ దేశంలో ఎక్కడికెళ్లినా కాగితం చుట్టలే. అందుకని ఆవిడ సంచీలో ఒక నీళ్ల సీసా ఎప్పుడూ ఉండేది. అది తాగడానికి కాదు.

"నువ్వూ వెళ్లిరా" అంది.

"నాకక్కర్లేదు" అంది కండక్టరమ్మ, వాచీ చూసుకుంటూ.

రెండో రోజుకి వదిన తీరే మారిపోయింది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం ఒకటి వెంట తెచ్చుకుంది, దాని వెనక పేజీల్లో గుర్తులు రాయడం మొదలుపెట్టింది. 'గడియారం మేడ, ఎడమకి, పూలకొట్టు, మెట్లు దిగాలి. శుభ్రం. గడియ గట్టిది.' 'పెద్ద బట్టలకొట్టు, మూడో అంతస్తు, దుప్పట్ల వెనక. ఎవరూ అడగరు.' 'లైబ్రరీ. అన్నిటికన్నా మేలు. కొక్కెం ఉంది, సంచీ తగిలించుకోవచ్చు.' భాష రాకపోయినా మరుగుదొడ్డెక్కడనే ఆ ఒక్క మాట మాత్రం అక్కడివాళ్ల యాసతో సహా నేర్చేసుకుంది. ఊళ్లో కూరగాయల బేరానికే నోరు రాని మనిషి, కోటు వేసుకున్న పోలీసాయన్ని ఆపి ఆ మాట అడిగి, అతను చూపించిన దారిలో తలెత్తుకుని నడిచింది. టూరులో ఉన్న మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "మీ పుస్తకం ఒకసారి ఇస్తారా?" అని గుసగుసగా అడగసాగారు.

ఇదంతా కండక్టరమ్మకి చిరాగ్గా ఉండేది. దేశం కాని దేశం వచ్చి చూడాల్సినవన్నీ వదిలేసి, దొడ్లు చూసుకుంటూ తిరగడమేమిటి? నాలుగో రోజు ఆ చిరాకు పెదవి దాటేసింది. నదిమీద పడవ షికారుంది. కండక్టరమ్మ ముందుగా వెళ్లి అంచు పక్క సీటు చూసుకుని, దానిమీద శాలువా కూడా పరిచి వచ్చింది. తీరా బయల్దేరే వేళకి వదిన లేదు. మెట్లమీద పరుగెత్తుకుంటూ ఆవిడ దిగొచ్చేసరికి పడవ పది గజాలు పోయింది. శాలువా కూడా దాంతోపాటే పోయింది.

"ఇరవై ఎనిమిదేళ్లు నేనెలా నెట్టుకొచ్చాననుకున్నావ్?" అంది కండక్టరమ్మ. ఒడ్డున అందరూ వింటున్నారన్న స్పృహ కూడా లేదు. "మనసు గట్టిదైతే ఒళ్లు మాట వింటుంది. నీకు ఒంటిమీద అదుపు లేదు, అంతే."

వదిన చేతిలో ఉన్న పుస్తకం సంచీలో పెట్టేసుకుంది. తర్వాతి పడవెక్కారు. నది ఎంతో అందంగా ఉంది. ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు వేరే ఊరికి ప్రయాణం. నాలుగు గంటల దారి. పెద్ద బస్సు, మెత్తటి సీట్లు. వెనక చిన్న మరుగుదొడ్డొకటి ఉంది కానీ, పనిచెయ్యదని కాగితం అంటించి తాళం వేశారు. కండక్టరమ్మకి కిటికీ దొరికింది. అద్దంలోంచి పచ్చటి పొలాలు, ఎర్ర కప్పుల ఇళ్లు, మళ్లీ పొలాలు. టికెట్ ఎవరు తీసుకున్నారో ఎవరు తీసుకోలేదో లెక్క చూసుకోనక్కర్లేని ప్రయాణం జీవితంలో మొదటిసారి చేస్తోంది. రెండు గంటలు ఆవిడ పక్కకి తిరగనేలేదు.

తిరిగి చూసేసరికి వదిన రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుని ఉంది. నుదుటిమీద చెమట. పెదవులు అట్టలు కట్టాయి.

"ఏమైంది వదినా?"

"ఏం లేదులే."

"ఏం లేకపోవడమేంటి, మొహం అలా పాలిపోతే? మాత్ర వేసుకున్నావా?"

"వేసుకోలేదు. దానికి నీళ్లు తాగాలిగా." తప్పు ఒప్పుకుంటున్న దానిలా మెల్లిగా అంది. "నిన్న పడవ దిగినప్పట్నుంచీ నీళ్లు ముట్టలేదు అమ్మాయ్. అయినా వినడం లేదు. నీ ఒళ్లు లాంటి ఒళ్లు కాదు నాది. కళ్లు తిరుగుతున్నాయి... ఇటు ఆపుకోలేకపోతున్నాను కూడా."

కండక్టరమ్మ లేచి ముందుకి నడిచింది. కదిలే బస్సులో పట్టు లేకుండా నడవడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. గైడమ్మాయి చెవిలో సంగతి చెప్పింది.

"ఇక్కడ ఆపకూడదు ఆంటీ, రూల్స్ చాలా స్ట్రిక్టు. నలభై నిమిషాల్లో భోజనాల చోటు వచ్చేస్తుంది. అప్పటిదాకా కొంచెం ఓర్చుకోమనండి."

ఓర్చుకోమనండి. ఆ మాటని కండక్టరమ్మ తన జీవితంలో ఎన్నిసార్లు అని ఉంటుందో లెక్కలేదు. కానీ ఆ క్షణంలో ఆవిడకి గుర్తొచ్చింది ఒక్కసారే. అప్పటికి సర్వీసులో చేరి పదేళ్లయి ఉంటుంది. నిండు నెలల మనిషి ఒకతె ఆస్పత్రిలో చూపించుకోవడానికి అత్తగారితో బస్సెక్కింది. సగం దూరం పోయాక ముందుకొచ్చి, "అక్కా, ఒక్క నిమిషం ఆపించవా" అని చెవిలో అడిగింది. బండి అప్పటికే పావుగంట లేటు. ఆ ముందు వారమే లేటుకి మెమో ఇచ్చారు. "ఇంకో ఇరవై నిమిషాల్లో స్టాండొస్తుందమ్మా, ఓర్చుకో" అని చెప్పి, ఆ మనిషి ఎదురుగానే, ఆపకుండా పోనిమ్మని రెండుసార్లు గంట కొట్టి 'రైట్' అనిపించింది. స్టాండులో ఆ మనిషి అందరూ దిగేదాకా కూర్చునే ఉంది. ఆఖర్న, తడిసిన చీరని అత్తగారి కొంగుతో కప్పుకుని దిగింది. తిట్టలేదు. ఒకసారి తిరిగి చూసి వెళ్లిపోయింది.

తెలియక చేసిన పనైతే సరే. ఆ బాధ ఆ బస్సులో తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను ఓర్చుకుంటున్నాను కదా, నువ్వెందుకు ఓర్చుకోవు? అదే అనుకుంది అప్పుడు. నిన్న ఒడ్డున వదినతో అన్నదీ అదే.

కండక్టరమ్మ గైడు పిల్లని దాటుకుని డ్రైవరు పక్కకి వెళ్లి నిలబడింది. లావుపాటి మనిషి, నెరిసిన మీసాలు. భాష రాదు. ఈ బస్సులో లాగడానికి గంట తాడు లేదు. ఉంగరమున్న వేలితో పక్కనున్న ఇనుప రాడ్డుని ఆపమన్నట్టు టంగుమని ఒక్కసారి కొట్టింది. డ్రైవరు ఉలిక్కిపడి అద్దంలోకి చూశాడు. ఈవిడ చిటికెనవేలు చూపించింది. అతనికి అర్థం కాలేదు, తనూ చిటికెనవేలు చూపించి నవ్వాడు.

"నవ్వులాట కాదన్నా!" అంది కండక్టరమ్మ అచ్చ తెలుగులో. వెనకున్న వదిన వైపు చూపించి, పొత్తికడుపు మీద రెండు చేతులూ అదిమిపెట్టుకుని, మొహం అంతా ముడిచింది. అతని మొహంలోంచి నవ్వు పోయింది. గైడుతో గబగబా ఏదో అన్నాడు.

"హైవే మీద ఆపితే లైసెన్సు పోతుందట ఆంటీ. కానీ ముందు పక్కదారి ఉందట. లారీ డ్రైవర్లు ఆగే చోటు, నాలుగు నిమిషాల్లో వెళ్లిపోతామంటున్నాడు. మన ప్రోగ్రాంలో లేదు మరి, అందరూ లేటైందని నన్నంటారు..."

"అంటే నా పేరు చెప్పు. లేటుకి మెమోలు తీసుకోవడం నాకు కొత్తేం కాదు."

అది పెద్ద చోటేమీ కాదు. ఒక రేకుల షెడ్డు, నాలుగు లారీలు, వెనక తెల్లటి చిన్న కట్టడం. కండక్టరమ్మ వదిన భుజం కింద చెయ్యేసి దింపింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే, బస్సులో ఉన్న ఆడవాళ్లందరూ దిగేస్తున్నారు. ఒకరు కాదు ఇద్దరు కాదు, పద్నాలుగు మంది. అందరికన్నా ముందు లెక్కల టీచరుగా చేసిన పెద్దావిడ, ఒగరుస్తూ.

"మీకూనా?" అంది కండక్టరమ్మ.

"పొద్దున్నుంచీనమ్మా!"

"మరి ఆపమని అడగలేదేం?"

"మీ వదినగారు అడుగుతారేమోనని చూస్తున్నాం. ఇవాళ ఆవిడా అడగలేదు."

ఆడవాళ్లకి ఉన్నది ఒకటే గది. అవతల మగవాళ్లవి మూడు, మూడూ ఖాళీ. వదిన లోపలికి వెళ్లాక, గుమ్మంలో కట్టిన వరస చూసి కండక్టరమ్మలో పాత మనిషి లేచింది. "ముందు పెద్దవాళ్లు. ఆగలేనివాళ్లు చెయ్యెత్తండి. ముగ్గురు ఇటు రండి!" అని మగవాళ్ల వైపు తలుపు తోసి, మూడు గదులూ ఖాళీయేనని చూసి, వాళ్లని లోపలికి పంపి తను గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని నేల తుడుస్తున్న ఆడమనిషి ఒకతె కోపంగా పరుగెత్తుకొచ్చింది. వరస చూసింది. ఏమనుకుందో, తుడిచే కర్ర గుమ్మానికి రెండోవైపు అడ్డంగా పెట్టి తనూ నిలబడింది.

బస్సులోంచి ఒక పెద్దమనిషి తీరిగ్గా వచ్చి, "ఇది మగవాళ్లదని బొమ్మ ఉంది కదమ్మా" అన్నాడు.

"బొమ్మకేం తొందర లేదులెండి. మీరు కూడా కాసేపు బొమ్మలాగే ఉండండి."

వరసలో వెనకెవరో కిసుక్కున నవ్వారు. అంతే, అందరికీ నవ్వు పట్టుకుంది. "నవ్వించకండమ్మా, కొంప మునుగుతుంది!" అని లెక్కల టీచరు మొత్తుకుంది.

వదిన బయటికొచ్చింది. తుడిచే ఆవిడ తన కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, గాజుగ్లాసుతో నీళ్లిచ్చింది. వదిన గ్లాసు పట్టుకుని ఆడపడుచు మొహంలోకి చూసింది.

"తాగు" అంది కండక్టరమ్మ. వదిన సంచీ అందుకుని వెతకసాగింది. "నిన్న నేనన్న మాట... తాగు వదినా. మాత్ర ఎక్కడ పెట్టావ్?"

వదిన రెండు గ్లాసులు తాగింది. మెల్లగా మొహంలోకి రంగొచ్చింది. వరస కూడా అయిపోయింది.

"ఇక నువ్వెళ్లు" అంది వదిన.

"నాకు రావట్లేదు."

"వస్తేనే వెళ్లాలా? తలుపుంది, గడియుంది, నీళ్లున్నాయి, ఎవరూ తరమట్లేదు. ఇంకేం కావాలే నీకు?"

కండక్టరమ్మ లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. చిన్న గది, పైన కిటికీలోంచి వెలుతురు. కూర్చుంది. చాలాసేపు ఏమీ కాలేదు. బయట ఎవరో తలుపు కొడతారేమోనని చెవులు అటే ఉన్నాయి. బండి హారను మోగుతుందేమోనని వెన్ను బిగుసుకునే ఉంది. ఎవరూ కొట్టలేదు. తన ఒళ్లు తన మాట వింటుందని ఇన్నేళ్లూ గర్వపడింది. ఇప్పుడు వదిలెయ్యమంటే అది నమ్మడం లేదు. పాపం, ఎన్నేళ్లుగా భయపెట్టి ఉంచిందో దాన్ని. ఆ ఆలోచన రాగానే కళ్లు చెమర్చాయి. కాసేపటికి ఒళ్లూ వదులైంది.

బస్సు కదిలాక, ఆ నిండు నెలల మనిషి సంగతంతా వదినకి చెప్పింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా. వదిన విని, పోనీలే అనలేదు. తప్పేం కాదనీ అనలేదు.

"ఆ అమ్మాయి ఎక్కడుందో నీకు తెలీదు. క్షమాపణ చెప్పుకోలేవు" అంది. "కానీ ఆ బస్సు రోజూ తిరుగుతూనే ఉందిగా."

కండక్టరమ్మ మిగతా దారంతా కిటికీలోంచి చూసింది కానీ, ఏం చూసిందో తర్వాత చెప్పలేకపోయింది.

టూరు నుంచి వచ్చిన పది రోజులకి, తన పాత రూట్లోనే టికెట్ కొనుక్కుని ఎక్కి, సగం దారిలో ఉన్న స్టాండులో దిగింది. స్టాండు వెనక మూడేళ్ల కిందట కట్టిన మరుగుదొడ్లున్నాయి. రంగు కూడా వెలిసిపోలేదు. తాళం వేసి ఉంది. తాళంచెవి, స్టాండులో బస్సుల రాకపోకలు చూసే కంట్రోలరు సొరుగులో.

"జనం పాడుచేస్తారు మేడం, అందుకే వేసి ఉంచాం" అన్నాడు కంట్రోలరు.

"తాళం వేస్తే గది బాగానే ఉంటుంది నాయనా, జనమే పాడవుతున్నారు."

అతను నవ్వేసి ఊరుకున్నాడు. ఈవిడ ఊరుకోలేదు. డిపోలో ఉన్న పందొమ్మిది మంది ఆడ కండక్టర్ల చేత కాగితం మీద సంతకాలు పెట్టించింది. వాళ్లలో సగం మంది తను 'నీళ్లు మన శత్రువు' అని పాఠం చెప్పినవాళ్లే. "అప్పుడలా చెప్పావు, ఇప్పుడిలా అంటున్నావేం అక్కా?" అని ఒక పిల్ల అడిగేసింది. "అప్పుడు తప్పు చెప్పాను" అంది. ఆ ముక్క అనడానికి ఆవిడ చాలా కష్టపడాల్సొచ్చింది. అన్నాక పెద్ద కష్టంగా అనిపించలేదు.

డిపో మేనేజరు దగ్గరికి మూడుసార్లు తిరిగింది. రెండుసార్లు వదిన కూడా వెంట వెళ్లింది. "అడగందే అమ్మైనా పెట్టదు సార్" అని, ఆ గొంతు పెగలని మనిషి ఆఫీసరు ముందు నిలబడి అంటే, కండక్టరమ్మే తెల్లబోయింది. చివరికి తాళంచెవి స్టాండు ఊడ్చే ఆవిడ చేతికొచ్చింది. ఆ రూట్లో తిరిగే మూడు సర్వీసులకి అక్కడ ఐదు నిమిషాల హాల్టు అని టైము చార్టులో ఎక్కింది.

రెండు సర్వీసులు సరిగ్గానే ఆగుతున్నాయి. మధ్యాహ్నం బండి డ్రైవరు మాత్రం వీలైనప్పుడల్లా రెండు నిమిషాలకే లాగించేస్తాడు. అందుకని గురువారాల్లో కండక్టరమ్మ అక్కడికి వెళ్లి, వాచీ చూసుకుంటూ అతని కిటికీ కింద నిలబడుతుంది.

"రిటైరయ్యావు కదమ్మా, ఇంట్లో కూర్చోరాదూ?" అంటాడతను స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తూ.

"ఇంకా రెండున్నర నిమిషాలుంది బాబూ. దిగి టైర్లైనా చూసుకో" అంటుంది. లోపలినుంచి ఆడవాళ్లు పరుగెత్తకుండా నడుచుకుంటూ వస్తుంటారు.